ద్రాక్షతోటలకు ఒక్కరోజు టూర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గైడ్‌తో వెళ్ళే టూర్లలో ఒకటి మూడు వైనరీలు (వైన్ తయారుచేసే చోట్లు) చూపిస్తుంది, ఇంకొకటి ఐదు. ధర దాదాపు ఒకటే. ఐదు చూపించేదే లాభం కదా?

జవాబు: కాదు. గంటలు లెక్కేస్తే తెలిసిపోతుంది. ఉదయం 9కి బయల్దేరి సాయంత్రం 6కి తిరిగొచ్చే టూర్‌లో ఉన్నవి 9 గంటలు. రానూపోనూ 3 గంటలు, భోజనానికి ఒక గంట పోతే మిగిలేవి 5. ఐదు వైనరీలకు పంచితే తలా గంట. అందులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి ప్రయాణం, ఎక్కడం, దిగడం పోను చేతికొచ్చేవి 35-40 నిమిషాలు. ఆ కాస్త సమయంలో కౌంటరు ముందు నిలబెట్టి గ్లాసులు నింపడం తప్ప ఇంకేం చెయ్యలేరు. తోటలో నడిపించి, ట్యాంకులూ పీపాలూ చూపించి, కూర్చోబెట్టి రుచి చూపించాలంటే ఒక్కోచోట కనీసం గంటంబావు పడుతుంది. అందుకే మూడుకు మించొద్దు.

దూరం కూడా చూసుకోండి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నుంచి ద్రాక్షతోటల ఊరు స్టెలెన్‌బాష్ సుమారు 50 కిలోమీటర్లు, అక్కడ మూడు హాయిగా కుదురుతాయి. పోర్చుగల్‌లో పోర్టో నుంచి డౌరో లోయ నడిబొడ్డుకు 100 కిలోమీటర్ల పైమాటే, చివరికొచ్చేసరికి అంతా కొండ మలుపులు. వైన్ పడ్డ కడుపుతో ఆ మలుపులు తిరిగితే వాంతులు ఖాయం. అలాంటిచోట రెండే చాలు, ముందు సీటు అడిగి తీసుకోండి.

డబ్బు కట్టే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి. టేస్టింగ్ రుసుము ధరలో కలిసిందా, అక్కడ వేరుగా కట్టాలా? భోజనం వాళ్ళదా, మనదా? వెళ్ళే వైనరీల పేర్లేమిటి? పేర్లు చెప్పకుండా ‘ప్రసిద్ధ వైనరీలు’ అని మాత్రమే రాస్తే ఆ టూర్ వదిలేయండి. బృందం ఎంతమందో కూడా అడగండి. 40 మంది పీపాల గదిలో నిలబడితే వెనకున్నవాళ్ళకు గైడ్ మాట వినపడదు. 8 నుంచి 12 మంది పట్టే వ్యాన్ ధర ఎక్కువైనా దానికే మా ఓటు.

ప్రశ్న: ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

జవాబు: కోతల కాలం ఉత్తరార్ధగోళంలో ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. చూడటానికి అదే రసవత్తరమైన సమయం. కాకపోతే అప్పుడు వైన్ చేసేవాళ్ళకు ఊపిరాడదు. చిన్న వైనరీలు కొన్ని సందర్శకులను రానివ్వవు. తీరిగ్గా మాట్లాడాలంటే కోతకు నెలన్నర ముందు వెళ్ళండి. గుత్తులు రంగు తిరుగుతూ కనిపిస్తాయి, మనుషులూ దొరుకుతారు.

కోతల్లో వెళ్తే ఒక జాగ్రత్త. రసం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికన్నా బరువు కాబట్టి ట్యాంకుల్లోనూ, నేలకు దగ్గరగానూ పేరుకుంటుంది. వాసన చూద్దామని ట్యాంకులోకి తొంగిచూడొద్దు, ప్రాణాలకే ముప్పు. ఏ కాలంలో వెళ్ళినా స్వెటర్ పట్టుకెళ్ళండి. బయట ఎండ మండుతున్నా పీపాలుండే నేలమాళిగల్లో చాలాచోట్ల 12-14 డిగ్రీలే ఉంటుంది.

ప్రశ్న: రుచి చూసి ఉమ్మేస్తారట. అది అవతలివాళ్ళను అవమానించినట్టు కాదా? కొద్దికొద్దిగానే పోస్తారు కదా, తాగేస్తే ఏమవుతుంది?

జవాబు: ఉమ్మేయడంలో తప్పేమీ లేదు. బల్లమీద బకెట్ పెట్టేది అందుకే, వైన్ చేసేవాళ్ళూ రోజూ అదే పని చేస్తారు. ఇక ఆ ‘కొద్దికొద్ది’ సంగతి. ఒక్కో వైన్ 30 నుంచి 50 మిల్లీలీటర్లు పోస్తారు. సగటున 40 అనుకుందాం. వైనరీకి ఐదు రకాల చొప్పున మూడు చోట్ల కలిపి 600 మిల్లీలీటర్లు. సీసాలో పట్టేది 750. అంటే మనిషికి ముప్పాతిక సీసా దాటిపోయింది. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ అయితే అందులో ఆల్కహాల్ 60 గ్రాముల పైన. శరీరం గంటకు 7 నుంచి 10 గ్రాములే ఖర్చు చేయగలదు. మూడో వైనరీ చేరేసరికి రుచీ తెలియదు, గైడ్ చెప్పేదీ ఎక్కదు.

పద్ధతి ఇదీ. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, లేకపోతే అరచేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. తెల్ల కాగితం మీదుగా వంచి అంచు రంగు చూడండి. ఈమధ్యే చేసిన ఎరుపు వైన్ అంచున ఊదా ఛాయ ఉంటుంది, ఏళ్ళు గడిచినదైతే ఇటుక రంగుకు తిరుగుతుంది. ఊపకముందు ఒకసారి, ఊపాక ఒకసారి వాసన చూడండి. తర్వాత రెండు చెంచాల పాటి నోట్లోకి తీసుకుని, అన్ని మూలలా తిప్పి, 5-10 సెకన్లు ఉంచండి. బకెట్ దగ్గరకు వంగి, పెదవులు గుండ్రంగా చుట్టి సన్నని ధారగా వదలండి. నిలబడి పైనుంచి ఉమ్మితే బట్టలమీద చిందుతుంది. గ్లాసులో మిగిలిందీ అందులోనే పారబోయొచ్చు.

ఎరుపు వైన్ ఉమ్మేశాక నాలుకను చిగుళ్ళకు రాయండి. జారకుండా గరుకుగా తగులుతుంది, పచ్చి జామకాయ కొరికినట్టు. తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేయడం వల్ల ఆ వగరు. ఒకదానిమీద ఒకటి చూస్తే అది పేరుకుంటుంది, అందుకే మధ్యలో నీళ్ళు, ఉత్త రొట్టెముక్క. తీపి వైన్ చివరికే ఉంచండి. ముందు తీపి తగిలితే తర్వాతిది ఎంత మంచిదైనా పుల్లగా అనిపిస్తుంది. ఆ రోజు సెంటు పూసుకోవద్దు, మీకే కాదు పక్కవాళ్ళకూ వాసన అందదు. ఖాళీ కడుపుతో అసలే వెళ్ళొద్దు.

ప్రశ్న: నేను శాకాహారిని. వైన్ అంటే ద్రాక్షే కదా, అడగాల్సిందేమైనా ఉందా?

జవాబు: ఉంది. వైన్‌ను తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాలలోని కేసీన్, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్, చేపల గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతారు. ఇవి మడ్డితో కలిసి అడుక్కి దిగిపోతాయి, పైనున్న వైన్‌ను తోడుకుంటారు. కానీ వాడకమే పనికిరాదనుకునేవాళ్ళు ‘దేనితో తేటపరిచారు?’ అని సూటిగా అడగండి. బెంటొనైట్ అంటే ఒక రకం బంకమట్టి, దానితో పేచీ లేదు. అసలేమీ కలపకుండా వదిలేసేవాళ్ళూ ఉన్నారు.

ప్రశ్న: నేను తాగను, మావారికి ఆసక్తి. నాకు విసుగొస్తుందా?

జవాబు: తోటలో నడిపించే టూర్ అయితే రాదు. తీగ మొదట్లో, నేలకు కాస్త పైన, ఉబ్బెత్తుగా ఉన్న కణుపు చూపించమనండి. అది అంటు. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ తోటల వేళ్ళను తినేసినప్పుడు, దాన్ని తట్టుకునే అమెరికా వేళ్ళమీద పాత రకాలను అంటు కట్టి బతికించారు. ఆస్ట్రేలియాలో కొన్నిచోట్ల ఇప్పటికీ ఆ భయంతోనే బూట్లను మందునీళ్ళలో ముంచి రమ్మంటారు. అడగకుండా సాళ్ళలోకి దిగకండి. తాగనివాళ్ళకు టికెట్ తగ్గిస్తారేమో, ద్రాక్షరసం ఇస్తారేమో బుకింగ్ అప్పుడే కనుక్కోండి.

ప్రశ్న: కొన్న సీసాలు విమానంలో తేవచ్చా?

జవాబు: చెక్-ఇన్ సామానులో తేవచ్చు. 24 శాతం లోపు ఆల్కహాల్‌కు విమాన భద్రతా నియమాల్లో పరిమితి లేదు, దిగే దేశపు కస్టమ్స్ పరిమితి మాత్రం వేరు. నిండు సీసా బరువు 1.2 నుంచి 1.6 కిలోలు. ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి, బట్టల్లో చుట్టి, పెట్టె గోడలకు తగలకుండా నడిమధ్య పెట్టండి. అంతకన్నా ముందే వైన్ చెడిపోయే చోటు ఒకటుంది, ఎండలో ఆపిన వ్యాన్ డిక్కీ. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, ఆ సందులోంచి గాలి చొరబడుతుంది. సీసాలను ఏసీ ఉన్న లోపలే, సీటు కింద పెట్టమని డ్రైవర్‌కు చెప్పండి. వీలైతే కొనడం చివరి వైనరీలో పెట్టుకోండి.