కంట్లో సూది ఎన్నిసార్లు?

మీ నాన్నగారికి వెట్ ఏఎండీ (వయసుతో కంటి వెనక తెర, అంటే రెటీనా, మధ్యభాగం దెబ్బతినే జబ్బులో తడి రకం) అన్నారనీ, కంట్లో సూది అంటే ఆయన వణికిపోతున్నారనీ, ఎన్ని వేయిస్తే సరిపోతుందనీ అడిగారు. ఇన్ని అని మాకూ ఎవరూ చెప్పలేదు. మా అమ్మకి ఇప్పటికి 11 అయ్యాయి.

మా ఇంట్లో ఈ జబ్బు మొదట చూసింది వడ్రంగి. తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఓ రోజు ఫోన్ చేసి, "వంటింటి గుమ్మం వంగిపోయిందిరా, చెద పట్టినట్టుంది" అంది. వడ్రంగి వచ్చి తట్టి చూశాడు, రసమట్టం పెట్టాడు, "టేకండీ, నిక్షేపంలా ఉంది" అన్నాడు. అమ్మ ఒప్పుకుంటేగా! ఉల్లిపాయలు తరుగుతూ ఎడమ కన్ను కొంగుతో తుడుచుకుంటుంటే, కుడి కంటికి ఆ నిలువు చెక్క మధ్యలో మెలిక తిరిగి కనిపించిందట. రెండు కళ్లూ తెరిస్తే మామూలే. ఆ ముక్క ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు.

కళ్లజోడు మార్చాం. తర్వాత ఒకాయన టార్చి వేసి చూసి "శుక్లం, ముదరనివ్వండి" అన్నాడు. రెండు నెలలు దండగ. విజయవాడలో రెటీనా డాక్టరు ఓసీటీ అని, రెటీనా పొరల్ని చూపించే స్కాన్ తీస్తే గానీ తెలియలేదు, రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు మొలిచి నీరూ నెత్తురూ కారుస్తున్నాయని. ఈ జబ్బులో పొడి రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. తడి రకం వారాల్లో ముంచేస్తుంది.

సూది గురించి భయం అక్కర్లేదు. మొద్దుబారే చుక్కలు వేస్తారు, రెప్పలకి క్లిప్పు పెడతారు, "పైకి చూడండమ్మా" అనేలోపు అయిపోతుంది. ఆ సాయంత్రం కంట్లో నల్లపూసలు తేలుతున్నాయని అమ్మ కంగారుపడింది. మందుతో పాటు వెళ్లిన గాలి బుడగలట, మర్నాటికి పోయాయి. మందు అవాస్టిన్, అసలు పేగు క్యాన్సర్‌ది. కంటికంటూ తయారైన లూసెంటిస్ కంటే చాలా చవక. చూపు విషయంలో రెండూ ఒకటేనని 2011లో అమెరికాలో తేలింది కూడా. అయినా చవకది అనగానే మన చుట్టాల మొహాలు చూడాలి!

నెలకొకటి చొప్పున మూడు పడ్డాక అమ్మ క్యాలెండర్లో తిథులు చదివింది. అక్కడే చెడింది. "కనిపిస్తోందిగా, ఇంకెందుకు?" అన్నాడు మా అన్నయ్య. పైగా ఇంట్లో పెళ్లి. ఐదు నెలలు మానేశాం. మళ్లీ నెత్తురు చిమ్మింది, మచ్చ పడింది. ఆ మచ్చ ఉన్నచోట చూపు ఇక రాదు. కాబట్టి చూపు వస్తుందా అని కాదండీ, ఉన్నది నిలుస్తుందా అని అడగండి. మందు ఆపడం, దూరం జరపడం ఒకటి కాదు. స్కాన్ పొడిగా ఉంటే డాక్టరే నాలుగు వారాలని ఆరు, ఎనిమిది చేస్తాడు. ఆ పెత్తనం అన్నయ్యలకి ఇవ్వకండి.

బీమా వాళ్లు రాత్రి ఆసుపత్రిలో పడుకోలేదు కదా అని డబ్బు ఎగ్గొట్టారు. కంట్లో ఇంజెక్షన్లని బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లోనే ఆధునిక చికిత్సల జాబితాలో పెట్టింది. ఆ కాగితం జతచేసి రాస్తే సగం ఇచ్చారు. పొన్నగంటి కూర వండుకోండి, మంచిదే, కానీ కారే నాళాన్ని కూర ఆపదు. మా నాన్న నలభై ఏళ్లు నట్టింట్లో కాల్చిన చుట్టలే అమ్మకిది తెచ్చాయని నా గట్టి నమ్మకం. డాక్టరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

మీ నాన్నగారి రెండో కన్ను ఎవరైనా చూశారా? ఇవాళే ఒక కన్ను మూయించి గుమ్మం చూపించండి, తర్వాత రెండోది.