పులికాట్‌కి పెద్ద లెన్స్ అద్దెకు కావాలా? ముందు ఇది చదవండి

"సంక్రాంతి సెలవుల్లో ఫ్లెమింగోల ఫోటోలకి పులికాట్ పోతున్నా, కానన్ 200డి ఉంది, నెల్లూరులో పెద్ద లెన్స్ అద్దెకిచ్చే మంచి షాపు చెప్పండి" అని కదా మీ ప్రశ్న.

షాపు పేరు చెప్పను. ఈ ఏడు బాగున్న షాపు వచ్చే ఏటికి లెన్సులన్నిటికీ బూజు పట్టించి కూర్చోవచ్చు. ట్రంకు రోడ్డులో అద్దాల షోరూములు అమ్మకానికి. అద్దె సరుకు ఉండేది మేడ మీద చిన్న గదుల్లో, పెళ్లిళ్లు తీసేవాళ్ల దగ్గర. వాళ్లు దొరికే చోటు కలర్ ల్యాబు. ఆల్బమ్ డిజైనింగుకి డేటా ఇవ్వడానికి సాయంత్రం పూట వస్తారు. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడగండి: "అన్నా, ముహూర్తం రోజు నీ కెమెరా బాడీ మొరాయిస్తే ఇంకోటి ఎవరి దగ్గర తెస్తావు?" ఎవరి పేరు రెండుసార్లు వినపడితే ఆయన దగ్గరికి పొండి. మ్యాపులో రేటింగు చుక్కలు చూసి పోతే దండగ, ఆ చుక్కలు పాస్‌పోర్టు ఫోటో దిగిపోయినవాళ్లు ఇచ్చినవి. ఒంగోలులోనూ ఇదే దారి.

మీకు కలిసొచ్చేది పుష్యమాసం. శూన్యమాసం కాబట్టి పెళ్లిళ్లుండవు, సామాను ఖాళీగా ఉంటుంది, బేరం సాగుతుంది. మాఘం వచ్చిందంటే అదే మనిషి ఫోనెత్తడు. కాకపోతే పెళ్లి కెమెరామెన్ దగ్గర ఉండేది 70-200 మిల్లీమీటర్ల జూమ్. 200డి సెన్సరు చిన్నది కాబట్టి వచ్చే 1.6 రెట్ల క్రాప్ లెక్కేసినా 320 మిల్లీమీటర్లే వస్తుంది, నీళ్ల మధ్యలో నిలబడ్డ పక్షికి అది ఏ మూలకీ చాలదు. మీరడగాల్సింది 150-600, సిగ్మా కాంటెంపరరీ గానీ టామ్రాన్ గానీ. ఊళ్లో ఇవి ఉంటే ఒకటో రెండో ఉంటాయి, పది రోజుల ముందే చెప్పిపెట్టుకోండి. లేదంటే చెన్నై నుంచి తెప్పించుకోవాల్సిందే. "ఈఎఫ్ మౌంట్" అని నోరారా చెప్పండి, మౌంట్ అంటే లెన్స్ కెమెరాకి బిగే చోటు. "కానన్‌ది" అని ఊరుకుంటే కానన్ మిర్రర్‌లెస్ కెమెరాల ఆర్ఎఫ్ లెన్స్ చేతిలో పెడతారు, అది ఏ అడాప్టరు పెట్టినా 200డికి ఎక్కదు.

అసలు సంగతి కౌంటర్ దగ్గర. నాలుగింటికల్లా, వెలుతురుండగానే పొండి, మీ కెమెరా తీసుకుని. చీకటి పడ్డాక ట్యూబులైటు కింద చూసిన లెన్స్ చూడనట్టే. రెండు మూతలూ తీసి, వెనక వైపు నుంచి ఫోన్ టార్చి కొట్టి, ముందు నుంచి వాలుగా లోపలికి చూడండి. ఈఎఫ్ లెన్స్ విప్పి ఉన్నప్పుడు అపర్చర్, అంటే వెలుతురు పోయే కన్నం, తెరిచే ఉంటుంది కనక అంతా కనపడుద్ది. దుమ్ము చుక్కలుంటే పట్టించుకోవద్దు, ఈ జూములు ముందుకీ వెనక్కీ కదిలే కొద్దీ గాలి పీలుస్తాయి. సాలెగూడు పోగుల్లాంటివి కనపడితే మాత్రం ఫంగస్. మన సముద్రపు గాలికి బీరువాలో పెట్టిన లెన్స్‌కి అది రాకుండా ఉండదు, షాపులో తేమ చేరనివ్వని డ్రై క్యాబినెట్ ఉందా అని అడిగేది అందుకే. తర్వాత ఫిల్టర్ అంచు. సొట్ట ఉందంటే ఎప్పుడో కిందపడిందన్నమాట.

ఇప్పుడు కెమెరాకి బిగించి వీధిలోకి రండి. షాపులోనే గోడ మీద క్యాలెండర్ చూసి "ఫోకస్ కావట్లేదు" అనేవాళ్లు చాలామంది. సిగ్మాకి 2.8 మీటర్లకంటే దగ్గరున్నది అందదు. రోడ్డవతల బోర్డు మీద అక్షరాలు పట్టుకోండి. 600 దగ్గర, అపర్చర్ 6.3, షట్టర్ 1/1000. అవే అక్షరాలు ఒకసారి మధ్యలోకి, ఒకసారి ఎడమ అంచుకి, ఒకసారి కుడి అంచుకి వచ్చేలా తీసి స్క్రీన్ మీద పెద్దది చేయండి. ఒక పక్క స్పష్టంగా ఉండి రెండో పక్క అలుక్కుపోయినట్టుంటే లోపల అద్దం పక్కకు జరిగింది, దాన్ని తిరిగిచ్చేయండి. అంతా మసకగా ఉంటే తొందరపడి లెన్స్‌ని తిట్టొద్దు. ముందు పక్కనున్న స్విచ్చులు చూడండి. ఎంత దూరం లోపు ఫోకస్ వెతకాలో చెప్పే ఫోకస్ లిమిటర్‌ని పాత మనిషి 2.8-10 మీటర్ల దగ్గర వదిలేసి ఉంటాడు, దూరానిది అందుకే దొరకదు. దాన్ని ఫుల్‌లో పెట్టండి, సరిపోద్ది. చేతి వణుకుని సర్దే ఓఎస్ స్విచ్చు చేతిపట్టుకి 1లో, ఎగిరే పక్షి వెంట కెమెరా తిప్పుతుంటే 2లో, ట్రైపాడ్ మీద ఆఫ్.

అన్నీ బాగుంటే సీరియల్ నంబరు, మౌంటు, ముందు అద్దం కనపడేలా ఓనరు ఎదురుగానే వీడియో తీసుకోండి. రోజంటే ఎన్ని గంటలో కాగితం మీద రాయించండి. తెల్లారుజామున పనికి ముందు రోజు సాయంత్రం తీసుకోవాల్సిందే, దాన్ని రెండో రోజు కింద కడతాడా లేదా అన్నది ముందే తేలాలి. కిందపడితే రిపేరు ఖర్చొకటేనా, రిపేరైనన్నాళ్ల అద్దె కూడానా అన్నది కూడా రాయించండి. ఒరిజినల్ ఆధార్ అడుగుతారు, ఇవ్వొద్దు. చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు, డిపాజిట్ చాలు. లెన్స్ అద్దెకిచ్చేవాడికి మన బండి ఆర్సీతో పనేంటో నాకిప్పటికీ అర్థం కాదు.

సరస్సు దగ్గర తొమ్మిది లోపే పని ముగించుకోండి. ఎండెక్కాక ఉప్పు బురద మీద వేడి గాలి అలలాడుద్ది, ఎంత లెన్సైనా నూనె పూసినట్టే తీస్తుంది. "లెన్స్ సాఫ్ట్‌గా ఉంది" అని తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్లలో సగం మంది పదకొండింటికి తీసినవాళ్లే. అక్కడ లెన్స్ మార్చొద్దు. బండి మీదైతే బ్యాగు వీపున తగిలించుకోండి, ఫుట్‌బోర్డు మీద పెడితే అదురుకి స్క్రూలు వదులవుతాయి. మెడకి వేలాడేసేటప్పుడు జూమ్ లాక్ వేయండి. డ్రోన్ కూడా అద్దెకిస్తామంటారు. పక్కనే రాకెట్లు ఎగరేసే శ్రీహరికోట, డ్రోన్ జోలికి పోవద్దు.

ఇంటికొచ్చాక పొడి గుడ్డతో రుద్దకండి, ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత పిండేసిన తడి మైక్రోఫైబర్ గుడ్డతో లెన్స్ గొట్టం తుడవండి. అద్దం మీద నోటితో ఊదొద్దు. తిరిగిచ్చేముందు రెండు మూతలు, ముందు తగిలించే హుడ్, ట్రైపాడ్‌కి బిగించే కాలర్ స్క్రూ లెక్క చూసుకోండి. డిపాజిట్లో కోత పడేది ఎక్కువగా హుడ్ దగ్గరే.