బళ్లారి బంకులో డీజిల్ పోయించుకోవచ్చా?

ప్రశ్న: ఊళ్లవారీగా పెట్రోల్, డీజిల్ ధరలు చూపే యాప్ ఒకటి వేసుకున్నాను. కర్ణాటకలో తక్కువ చూపిస్తోంది. నాకు పికప్ బండి ఉంది. అక్కడికి వెళ్లి ట్యాంకు నింపుకొస్తే లాభమేనా? యాప్ ధరను నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, ఉరవకొండ

జవాబు: తేడా నిజమేనండీ. పెట్రోల్, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు కాబట్టి ఏ రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను (వ్యాట్) దానిదే, మన దగ్గర అది ఎక్కువ. కానీ యాప్ చూపేది లీటరు ధర ఒక్కటే, అక్కడిదాకా పోయే ఖర్చు దానికి తెలీదు. రానూ పోనూ 60 కిలోమీటర్లు, బండి లీటరుకు 12 ఇస్తుందనుకోండి, దారిలోనే 5 లీటర్లు అయిపోతాయి. లీటరుకు 6 రూపాయలు తేడా ఉండి 50 లీటర్లు పోయించుకున్నా మిగిలేది 300, ఆ 5 లీటర్లకే అంతకన్నా ఎక్కువవుతుంది! పనిగట్టుకుని మాత్రం పోవద్దు. కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌కు మిర్చి లోడు వేసుకుని ఎలాగూ అటే వెళ్తున్నారా, అప్పుడు మాత్రం ఇక్కడ సరిపడా పోయించుకుని మిగతాది సరిహద్దు దాటాక నింపుకోండి, అది నికరంగా మిగిలే డబ్బే.

ఇక నమ్మకం సంగతి. 2017 జూన్ 16 నుంచి ధరలు రోజూ ఉదయం 6 గంటలకు సవరించే పద్ధతి వచ్చింది, అందుకే యాప్‌లో ధర పక్కన ఏ తేదీ ఉందో చూడండి, పాతదైతే వదిలేయండి. ఒకే ఊళ్లో కూడా బంకు బంకుకీ పైసల్లో తేడా ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఆయిల్ కంపెనీల సొంత యాప్‌లలో బంకువారీగా ధర దొరుకుతుంది, నన్నడిగితే వాటినే చూడమంటాను.