టెక్ సందేహాలు: సొరకాయ పచ్చడికి 9 పేజీలా?

ప్రశ్న: గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో నాకో వంటల బ్లాగు ఉంది. వంట చేస్తూ ఫోన్ చూడలేమని, ప్రింట్ తీసి వంటింట్లో అంటించుకుంటామని పెద్దవాళ్లు కొందరు అంటున్నారు. సొరకాయ పచ్చడి పోస్టు ప్రింట్ తీస్తే ఒకావిడకు 9 పేజీలు వచ్చాయట. ప్రింట్ బటన్ పెట్టడం ఎలా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

బటన్ సంగతి చివర్లో చూద్దాం, ఎందుకంటే ఇప్పుడున్న పేజీకి బటన్ పెట్టినా ఆ 9 పేజీలే వస్తాయి, కాకపోతే ఇంకాస్త తొందరగా వస్తాయి. ముందు కాగితం మీదకు ఏం రావాలో, ఏం రాకూడదో మీరు తేల్చాలి.

ఈ బాధ నేనూ పడ్డాను. మా అమ్మ అడిగిందని ఓసారి వరలక్ష్మీ వ్రత విధానం ప్రింట్ తీయడానికి జిరాక్స్ షాపుకెళ్లాను. షాపు కుర్రాడు పేజీ తెరవగానే కంట్రోల్ పి కొట్టేశాడు. 14 పేజీలు! వాటిలో పూజ ఉన్నది నాలుగు పేజీలే, మిగతాదంతా పాత పోస్టుల జాబితా, ప్రకటనలు వదిలిన ఖాళీలు, 'అద్భుతంగా రాశారండీ' అన్న కామెంట్లు. డబ్బులు పోతే పోయాయి గానీ, ప్రతి పేజీ అడుగున వాట్సాప్‌లో షేర్ చేయమనే ఆకుపచ్చ పట్టీ ఒకటి అచ్చయింది, దాని కింద అథాంగ పూజలో రెండు నామాలు పడిపోయాయి. అమ్మ వాటిని పెన్నుతో రాసుకుంది.

ఆ పట్టీ అన్ని పేజీల్లోకీ ఎందుకొచ్చిందంటే, తెర మీద ఎంత స్క్రోల్ చేసినా కదలకుండా ఉండే వాటిని (వెబ్ పేజీ రూపురేఖలు చెప్పే కోడ్ సీఎస్‌ఎస్, అందులో దీన్ని 'పొజిషన్ ఫిక్స్‌డ్' అంటారు) బ్రౌజర్ ప్రింట్‌లో ప్రతి కాగితం మీదా అదే చోట ముద్రిస్తుంది. మీ బ్లాగులోనూ పైన అతుక్కుని ఉండే మెనూ, కింద షేర్ బటన్లు ఉంటే ఇదే జరుగుతుంది.

దీనికి మందు పాతదే. తెరకు ఒక రూపం, కాగితానికి ఇంకో రూపం ఇచ్చే వీలు 1998లో వచ్చిన సీఎస్‌ఎస్ 2 నుంచీ ఉంది. బ్లాగర్‌లో థీమ్, కస్టమైజ్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే చివర్లో 'యాడ్ సీఎస్‌ఎస్' అని ఉంటుంది. అక్కడ 'ఎట్ మీడియా ప్రింట్' అని మొదలుపెట్టి, మీసాల బ్రాకెట్ల మధ్య ఏం రాసినా అది ప్రింట్‌కు మాత్రమే వర్తిస్తుంది, తెర మీద మీ బ్లాగు వెంట్రుకంత కూడా మారదు. (నేను ఉచ్చారణ రాస్తున్నాను, మీరు టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. 'ఎట్' అంటే ఈమెయిల్‌లో కొట్టే గుర్తు.)

అక్కడ హెడర్, సైడ్‌బార్, ఫుటర్, కామెంట్లు, షేర్ బటన్లు, ప్రకటనలు, వీటన్నిటికీ 'డిస్‌ప్లే నన్' అని పెట్టండి. మీ థీమ్‌లో వాటి పేర్లేమిటో తెలియాలంటే, దాచాలనుకున్న దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్పెక్ట్' నొక్కండి, నీలంగా మెరిసే లైన్లో క్లాస్ పేరు కనిపిస్తుంది. ఒక్కోటీ వెతకడం విసుగని కొందరు అడ్డదారి చెబుతుంటారు, పేజీ మొత్తానికి 'విజిబిలిటీ హిడెన్' పెట్టేసి, పోస్టుకు మాత్రం 'విజిబుల్' ఇవ్వమని. అది చేయకండి. విజిబిలిటీ తీసేస్తే వస్తువు కనబడదు గానీ అది ఉన్న చోటు అలాగే ఉంటుంది, కాబట్టి కామెంట్లున్నంత మేరా తెల్లకాగితాలు బయటికొస్తాయి. డిస్‌ప్లే నన్ అయితే చోటు కూడా పోతుంది.

చెత్త పోయాక మిగిలిన దాన్ని కాస్త సర్దాలి. పోస్టు భాగానికి వెడల్పు 100 శాతం ఇవ్వండి, లేకపోతే సైడ్‌బార్ పోయినా దాని జాగా ఖాళీగా మిగిలిపోవచ్చు. అక్షరం రంగు నలుపు చేయండి, తెర మీద ముచ్చటగా కనిపించే లేత బూడిద రంగు లేజర్ ప్రింటర్‌లో చుక్కలు చుక్కలుగా వస్తుంది. సైజును పాయింట్లలో ఇవ్వండి. అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు, వెబ్‌లో మామూలుగా వాడే 16 పిక్సెళ్లు 12 పాయింట్లకు సమానం. మీ పాఠకులు పెద్దవాళ్లంటున్నారు కాబట్టి 14 పెట్టండి, ఒక కాగితం ఎక్కువైనా పర్లేదు, పొయ్యి పక్క గోడ మీద నుంచి కనబడాలి కదా. లైన్ హైట్ (లైనుకూ లైనుకూ మధ్య ఎడం) 1.7 దాకా ఉంచండి. ఇంగ్లిష్ థీముల్లో ఉండే 1.3, 1.4 మన భాషకు చాలవు, మనకు పైన గుడులు, కింద వత్తులు ఉన్నాయి, 'స్త్రీ' లాంటి మాట పై లైనుకూ కింద లైనుకూ తగులుతుంది. రెండంచులూ సమానంగా వచ్చే జస్టిఫై ఉంటే అదీ తీసేయండి, మన పొడుగు మాటలు లైన్లో ఇమడక మధ్యలో పెద్ద పెద్ద గ్యాపులు పడతాయి.

వంటల పోస్టుకు ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. 'కావలసినవి' అన్న శీర్షిక పేజీ అడుగున, జాబితా పక్క పేజీలో పడితే ఆ ప్రింట్‌తో వంట చేయడం నరకం. శీర్షికలకు 'బ్రేక్ ఆఫ్టర్ అవాయిడ్', జాబితాలకూ ఫొటోలకూ 'బ్రేక్ ఇన్‌సైడ్ అవాయిడ్' అని ఇస్తే అవి విడిపోకుండా ఉంటాయి. శీర్షికల విషయంలో క్రోమ్ చాలాకాలం ఈ మాట వినలేదు, 2022 చివర్లో వచ్చిన 108వ వెర్షన్ నుంచి వింటోంది, కాబట్టి అంతకుముందు ప్రయత్నించి వదిలేసి ఉంటే మళ్లీ చూడండి. ఫొటోలు అన్నీ అక్కర్లేదు. తాలింపు పెట్టే ఏడు ఫొటోలు తెర మీద బాగుంటాయి, కాగితం మీద ఇంకు తాగుతాయి. చివరి ఫొటో ఒక్కటి ఉంచి మిగతావి దాచేయండి.

కాగితం సైజు మాత్రం ఏ4 అని కట్టేయకండి. మీ బ్లాగు చూసేవాళ్లలో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లూ ఉంటారు, వాళ్ల ప్రింటర్లో ఉండేది లెటర్ పేపరు. అది మన ఏ4 కంటే 6 మిల్లీమీటర్లు వెడల్పు, 18 మిల్లీమీటర్లు పొట్టి. మార్జిన్లు మాత్రం మీరివ్వండి, సైజు సంగతి ప్రింటర్ చూసుకుంటుంది.

ఇక బటన్. 'విండో డాట్ ప్రింట్' అనే ఒక్క ఆదేశంతో అయిపోతుంది, పోస్టు పైన 'ఈ వంటకం ప్రింట్ తీసుకోండి' అని చిన్నగా పెట్టి, ప్రింట్‌లో ఆ బటన్ కూడా కనబడకుండా దాచేయండి (చాలామంది ఇది మర్చిపోతారు). ఫేస్‌బుక్ లాంటి యాప్‌లో లింకు నొక్కి వచ్చినవాళ్లకు ఆ బటన్ చాలావరకు పనిచేయదు, క్రోమ్‌లో తెరవమని పక్కనే ఒక మాట రాయండి. ఈ కోడ్ గోల మీకు పడకపోతే ప్రింట్‌ఫ్రెండ్లీ అనే సర్వీసు బటన్ పెట్టుకోవచ్చు, అందులో పాఠకులే అక్కర్లేని పేరానో ఫొటోనో నొక్కి తీసేసుకుంటారు. ఉచిత వెర్షన్‌లో వాళ్ల ప్రకటనలు వస్తాయి, అందుకే నా ఓటు సీఎస్‌ఎస్‌కే. ఎప్పుడైనా వర్డ్‌ప్రెస్‌కు మారితే మాత్రం ఇంత కష్టపడక్కర్లేదు, డబ్ల్యూపీ రెసిపీ మేకర్ లాంటి ప్లగిన్లలో వంటకం ఒక్కటే ప్రింట్ అయ్యే బటన్ వాటితోనే వస్తుంది.

సరిచూడడానికి కాగితాలు తగలేయకండి, కంట్రోల్ పి కొట్టి ప్రివ్యూ చూస్తే చాలు. చిన్న పోస్టు ఒకటి, మీ బ్లాగులో అన్నిటికంటే పొడుగు పోస్టు ఒకటి చూడండి. పొడుగు పోస్టు మొదటి పేజీ దగ్గరే తెగిపోతే, థీమ్‌లో ఎక్కడో ఎత్తు బిగించి 'ఓవర్‌ఫ్లో' దాచి ఉంటారు, ప్రింట్ భాగంలో ఎత్తును 'ఆటో' అని, ఓవర్‌ఫ్లోను 'విజిబుల్' అని మార్చండి.

ప్రశ్న: నేను బ్లాగర్‌ని కాదు, పాఠకుణ్ని. ఎవరి పేజీ అయినా సరే, చెత్త లేకుండా ప్రింట్ తీసుకునే దారి ఉందా? – వరంగల్ నుంచి

ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ పేజీ తెరిచి ఎఫ్9 కొట్టండి, మెనూలూ ప్రకటనలూ లేకుండా అసలు రాతను మాత్రమే చూపే రీడర్ వ్యూ వస్తుంది, అక్కడి నుంచి ప్రింట్ ఇవ్వండి. క్రోమ్‌లో రీడింగ్ మోడ్ పక్కన ప్యానెల్‌లో తెరుచుకుంటుంది, దాన్ని నమ్మి కంట్రోల్ పి కొడితే అసలు పేజీయే వస్తుంది. క్రోమ్ వాడేవాళ్లు కావలసిన భాగాన్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి, కంట్రోల్ పి కొట్టి, 'మోర్ సెట్టింగ్స్'లో 'సెలెక్షన్ ఓన్లీ' టిక్ చేయండి. ఇన్నేళ్లుగా క్రోమ్ వాడుతున్నవాళ్లు కూడా ఈ గడిని చూసి ఉండరు! ఫొటోలున్న పేజీ అయితే ప్రింట్ ఇచ్చేముందు ఒకసారి చివరిదాకా స్క్రోల్ చేయండి, కొన్ని సైట్లలో మన చూపు పడేదాకా ఫొటో లోడ్ కాదు, ప్రింట్‌లో ఖాళీ డబ్బా వస్తుంది.

అక్కడే 'హెడర్స్ అండ్ ఫుటర్స్' టిక్ కూడా తీసేయండి, ముఖ్యంగా తెలుగు సైట్లకు. దాన్ని ఉంచితే పేజీ అంచున అడ్రస్ అచ్చవుతుంది. పోస్టు అడ్రస్‌లో తెలుగు ఉంటే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు, శాతం గుర్తులతో కలిపి 9 క్యారెక్టర్లుగా మారిపోతుంది. 'క్ష' అన్న ఒక్క అక్షరం 27 క్యారెక్టర్లు. చూడ్డానికి ఎవరో కీబోర్డు మీద కూర్చున్నట్టు ఉంటుంది. (బ్లాగు రాసేవాళ్లకు: వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక ఇలా కొండవీటి చాంతాడవుతుంది, బ్లాగర్‌లో అయితే తెలుగంతా ఎగిరిపోయి ఉత్త 'బ్లాగ్ పోస్ట్' అని మిగులుతుంది. పబ్లిష్ చేసేముందే పెర్మాలింక్‌లో (పోస్టు అడ్రస్ ఇచ్చే చోట) ఇంగ్లిష్ అక్షరాలతో రెండు మాటలు ఇచ్చేయండి.)

ప్రశ్న: ఇంట్లో ప్రింటర్ లేదు. ఫోన్లో చదివిన పోస్టును వర్డ్‌లో పేస్ట్ చేసి షాపులో ఇస్తే అక్షరాల రూపం మారిపోయింది. – అనంతపురం నుంచి

మీరిచ్చింది వర్డ్ ఫైలు కాబట్టి. అందులో మామూలుగా ఫాంటు పేరే వెళ్తుంది గానీ ఫాంటు వెళ్లదు, షాపు కంప్యూటర్‌లో అది లేకపోతే ఉన్నదేదో తగిలిస్తుంది. పాత ఫైళ్లలో గౌతమి ఫాంటు కనబడుతుంది చూడండి, విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే తెలుగు ఫాంట్ల ప్యాక్‌లోకి మార్చేసింది, తెలుగుకు మామూలుగా ఉండేది నిర్మల యూఐ. పీడీఎఫ్ ఇవ్వండి, క్రోమ్ చేసే పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ మూడు చుక్కలు నొక్కి, షేర్, ప్రింట్ అని వెళ్తే పైన 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఉంటుంది. ఐఫోన్‌లో షేర్, ప్రింట్ అని వెళ్లి, వచ్చిన ప్రివ్యూను రెండు వేళ్లతో పెద్దది చేస్తే పీడీఎఫ్‌గా తెరుచుకుంటుంది. ఎన్ని పేజీలో ఇంట్లోనే చూసుకుని, 'పేజీలు 2 నుంచి 4 మాత్రమే' అని షాపులో చెప్పండి. ఆ పీడీఎఫ్ నుంచి తెలుగును మళ్లీ కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేద్దామనుకుంటే మాత్రం తరచూ వత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి, కాబట్టి పోస్టు లింకు కూడా దాచుకోండి.

ప్రశ్న: ప్రింట్ సులువు చేస్తే నా రాతలు దొంగిలించడం కూడా సులువు అవుతుంది కదా? అందుకే రైట్ క్లిక్, ప్రింట్ రెండూ ఆపేశాను. – పేరు రాయని బ్లాగర్

దొంగలెవరూ ప్రింట్ తీసి టైప్ చేసుకోరండీ. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ (ఇలాంటి తాళాలను నడిపించే కోడ్) ఆపేస్తే మీ రైట్ క్లిక్ తాళం ఊడిపోతుంది, రీడర్ వ్యూలోనూ చాలాసార్లు అంతే. ఇబ్బంది పడేది ఎవరంటే, మీ రాత నచ్చి నాన్నగారికి చదవడానికి ఇద్దామనుకున్నవాళ్లు. ఆ స్క్రిప్ట్ తీసేసి, ప్రింట్‌లో మాత్రమే కనబడేలా పోస్టు చివర ఒక లైను పెట్టండి: మీ పేరు, బ్లాగు పేరు, చిన్న అడ్రస్. తెర మీద దాన్ని దాచి, ఎట్ మీడియా ప్రింట్‌లో 'డిస్‌ప్లే బ్లాక్' ఇస్తే చాలు.