ఇంటికి తీసుకెళ్లమన్నారు సరే, ఇంట్లో చూసుకునేది ఎట్లా?

మిర్యాలగూడ దగ్గరి ఊళ్లో ఉంటామని, అమ్మగారికి గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ముదిరి ఇంటికి పంపేశారని, రాత్రంతా నొప్పితో మూలుగుతున్నారని రాశారు. ఇంట్లో చూసుకోవడం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. కానీ డాక్టరు ఒకచోట, మాత్రలు ఒకచోట, కట్టు కట్టేవాళ్లు ఇంకోచోట అయితే మీ పానం తిరగడానికే సరిపోతుంది. అన్నీ చూసే ఒకే టీమ్‌ను ముందు పట్టుకోండి.

మాది జడ్చర్ల వైపు. మా నాయినకు నోటి క్యాన్సర్. ఓ ప్రైవేటు ఆసుపత్రివాళ్లు 'ఇక చేసేదేం లేదు' అని చేతిలో ఫైలు పెట్టారు, నొప్పికి ఏం వాడాలో మాత్రం రాయలేదు. మా ఊరి ఆశా వర్కర్ చెబితే మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకున్నా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) సెంటర్‌కు పోయాం. అక్కడి నుంచి 'ఆలన' అనే ప్రభుత్వ బండిలో నర్సమ్మ ఇంటికే వచ్చేది. పైసా తీసుకోలేదు. మీరు నల్గొండ జనరల్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ ఎక్కడని అడగండి. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి.

ముందు నొప్పి సంగతి. గట్టి నొప్పికి వాడే మార్ఫిన్ మాత్ర మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు. 2014లో మత్తు మందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు తెప్పించుకోవడం కొంత సులువైంది. మార్ఫిన్ మామూలు రకం మాత్ర దాదాపు నాలుగు గంటలే పనిచేస్తుంది కాబట్టి నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైం ప్రకారం వేయాలి. మా మేనత్త 'మత్తు మందు అలవాటైతది' అని ఒకటే లొల్లి. నాయిన ఆ రాత్రి నిద్రపోయాక తనే ఊరుకుంది. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు ఖాయం, విరేచనం మందు కూడా రాయించుకోండి. మీ అమ్మగారి విషయంలో ఇంకోటి: ఈ క్యాన్సర్‌లో మూత్రనాళాలు మూసుకుపోయి కిడ్నీలు దెబ్బతినవచ్చు, అప్పుడు మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. మూత్రం తగ్గినా, పిలిస్తే పలకనంత మత్తుగా ఉన్నా వెంటనే టీమ్‌కు ఫోన్ చేయాలి, సొంతంగా మోతాదు మార్చొద్దు.

క్యాన్సర్ పుండు వాసన గురించి మీరు రాయలేదు గానీ ఇంట్లోవాళ్లను ఎక్కువ కుంగదీసేది అదే. నాయిన దవడ పుండు వాసనకు చుట్టాలు గడప దగ్గరే నిలబడేవాళ్లు. నర్సమ్మ కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, వాసన పుట్టించే క్రిములను చంపే మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి పొడి చల్లి గాజుగుడ్డ వేసింది. కొన్నాళ్లకే నాయిన దగ్గర మనవళ్లు కూర్చోవడం మొదలుపెట్టారు. మీ అమ్మగారికి తెల్లబట్ట, రక్తం పోతుంటే సిగ్గుపడకుండా నర్సుకు చెప్పండి, వాటికీ మందులున్నాయి. రక్తం ధారగా పోతే ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోండి.

మంచంలోనే ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, వీపు, పిరుదులు రోజూ చూడాలి. రాత్రిపూట వంతులు వేసుకోండి, అంతా ఒక్క కోడలి నెత్తిన పెట్టకండి.

అమ్మగారు నోటితో తింటున్నారా, లేచి నడుస్తున్నారా? అది రాస్తే తిండి సంగతి విడిగా చెప్తాను.