కొల్లూరు గని అడ్రస్ తేల్చిన డబ్లిన్ ప్రొఫెసర్ (పాఠకుల ప్రశ్నలు)

ప్రశ్న: నమస్తే అండి. మా అమ్మమ్మ వాళ్ళది పల్నాడు వైపు కొల్లూరు, పులిచింతల నీళ్ళొచ్చాక ఊరు ఖాళీ చేసేశారు. చిన్నప్పుడు అమ్మమ్మ "మనూళ్ళో వజ్రాలు దొరికేవంట, తెల్లోడొకడు పుస్తకంలో కూడా రాశాడంట" అంటే నవ్వేవాళ్ళం. ఆ పుస్తకంలో ఉన్నది మన కొల్లూరే అని తేల్చింది ఒక జియాలజీ ప్రొఫెసర్ అని ఈ మధ్య చదివా. ఎవరండీ ఆయన? రత్నాల పిచ్చి ఉన్నాయనా? కాస్త వివరంగా రాయండి. – ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మమ్మగారు చెప్పింది కరెక్టేనమ్మా, కాకపోతే తెల్లోడు ఒకడు కాదు, ఇద్దరు. మొదటాయన టావెర్నియర్, ఫ్రాన్స్ నుంచి 1600ల్లో వచ్చిన వజ్రాల వ్యాపారి, మన దగ్గర తిరిగిందంతా 1676లో పారిస్‌లో పుస్తకంగా వేసుకున్నాడు. రెండో ఆయనే మీరు అడిగిన ప్రొఫెసర్, వాలెంటైన్ బాల్, ఈయనది ఐర్లాండ్. ఇద్దరికీ మధ్య 200 ఏళ్ళు తేడా, కానీ ఈయన లేకపోతే ఆయన రాసిన ఊళ్ళపేర్లు సగం మనకి అర్థమయ్యేవి కాదు.

బాల్ 1843లో డబ్లిన్‌లో పుట్టాడు. ఇల్లంతా చదువుకున్నవాళ్ళే, తండ్రి జంతుశాస్త్రం మనిషి, అన్న రాబర్ట్ బాల్ నక్షత్రాల శాస్త్రంలో పెద్ద పేరు. ఈయనకి 21 ఏళ్ళకే, 1864లో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది, ఓడెక్కి ఇటొచ్చాడు, తర్వాత 17 ఏళ్ళు అడవులూ కొండలే. ఎక్కువగా ఛోటానాగపూర్, ఒరిస్సా వైపు, బొగ్గు ఎక్కడుంది రాగి ఎక్కడుంది అని మ్యాపులు వేసే పని, కానీ దారిలో కనపడ్డ పిట్టనీ చెట్టునీ కూడా వదిలేవాడు కాదు. అండమాన్‌లో ఒక చిన్న గుడ్లగూబకి శాస్త్రీయనామం ఓటస్ బల్లీ, అది ఈయన పేరే, 1873లో హ్యూమ్ పెట్టాడు (అవును, తర్వాత కాంగ్రెస్ పెట్టిన హ్యూమే, ఆయనకి పిట్టల పిచ్చి). ఆ అడవుల్లో తిరిగిందంతా 1880లో జంగిల్ లైఫ్ ఇన్ ఇండియా అని పుస్తకంగా రాశాడు.

వజ్రాల మీదకి ధ్యాస ఎలా మళ్ళిందంటే, సంబల్‌పూర్ దగ్గర మహానదిలో వజ్రాలు కడిగే చోట్ల గురించి రిపోర్ట్ రాయాల్సి వచ్చింది. అక్కడ నది మధ్యలో లంక పేరు హీరాకుద్, హీరా అంటే తెలిసిందే కదా వజ్రం, ఇప్పుడు ఆ పేరు చెప్తే అందరికీ డ్యామే గుర్తొస్తుంది అనుకోండి. తర్వాత 1881లో ఇండియాలో దొరికే ఖనిజాలన్నిటి మీదా పెద్ద పుస్తకం తెచ్చాడు, అందులో వజ్రాల చాప్టర్ ఒకటుంది, మన కడప, కర్నూలు, కృష్ణా గనులన్నీ దాంట్లోకి ఎక్కాయి. అదే ఏడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో జియాలజీ ప్రొఫెసర్ అయ్యాడు, రెండేళ్ళకి అక్కడి మ్యూజియం డైరెక్టర్ కూడా.

ఇక మీ కొల్లూరు సంగతి. టావెర్నియర్ మూడు గనుల గురించి వివరంగా రాశాడు, రావోల్కొండ, గని లేదా కూలూర్, ఇంకా సుమేల్‌పూర్. ఫ్రెంచి చెవికి ఎలా వినపడితే అలా రాశాడన్నమాట, అవి ఎక్కడున్నాయో తర్వాతోళ్ళకి అంతుపట్టలేదు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. బాల్ ఏం చేశాడంటే పుస్తకం మొత్తం ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి మళ్ళీ తనే తర్జుమా చేశాడు, 1889లో రెండు వాల్యూములు లండన్‌లో వచ్చాయి, గోల్కొండ నుంచి ఎన్ని రోజుల ప్రయాణం, ఏ నది దాటాలి, ఏ వైపు కొండలు, అన్నీ సర్వే మ్యాపుల పక్కన పెట్టి లెక్క చూసుకున్నాడు. రావోల్కొండ అంటే కర్నూలు దగ్గర రామళ్ళకోట అన్నాడు. కూలూర్ కృష్ణ ఒడ్డున మీ కొల్లూరు. ముందున్న 'గని' ఊరిపేరు కానేకాదు, వట్టి గని అనే మాట. (మనల్ని ఎవర్నడిగినా ఒక్క నిమిషంలో చెప్పేవాళ్ళం, కానీ అడగాలిగా.) సుమేల్‌పూర్ అంటే పేరు కలిసింది కదా అని సంబల్‌పూరే అనుకునేవాళ్ళంతా, బాల్ మాత్రం కాదు, అది పలామూలో (ఇప్పటి జార్ఖండ్) కోయెల్ నది ఒడ్డున అని చెప్పాడు, ఆ ప్రాంతాలు కాళ్ళతో తిరిగినోడు కాబట్టి చెప్పగలిగాడు. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో తవ్వారని ఇప్పటికీ మనవాళ్ళే కొందరు అనుకుంటుంటే నాకు ఈయన గుర్తొస్తాడు.

కొల్లూరు గురించి టావెర్నియర్ రాసింది మీ అమ్మమ్మగారి కోసం రెండు ముక్కలు చెప్తా. చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుకుంటున్న ఒక బీదరైతుకి దాదాపు 25 క్యారెట్ల రాయి దొరకడంతో ఆ గని మొదలైందంట. ఆయన వెళ్ళేసరికి ఆడా మగా పిల్లాజెల్లా కలిపి 60 వేల మంది పని చేస్తున్నారంట. రామళ్ళకోట దగ్గర బేరాల గురించి రాసింది ఇంకా బావుంటుంది, కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని గుడ్డ కింద చేతులు పట్టుకుంటారు, నోట్లోంచి ఒక్క మాట రాదు, చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలు సగం దాకా అయితే యాభై, కొసన ఒక్క కణుపు అయితే పది, పక్కన కూర్చున్నోడికి కూడా ఎంతకి తెగిందో తెలీదు. పశువుల సంతల్లో తువ్వాలు కింద బేరాలు చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు, నేను మా నాన్నతో వెళ్ళినప్పుడు చూశా, ఎద్దు అమ్ముడుపోయిందని నాకు తాడు చేతులు మారినప్పుడు గానీ తెలీలా. రాయిలో నీరు (అంటే స్వచ్ఛత, మెరుపు) ఎలా ఉందో చూడ్డం మనవాళ్ళు రాత్రి పూట చేసేవాళ్ళంట, గోడలో అడుగు చదరం గూడు చేసి లోపల లావు వత్తి దీపం పెట్టి, ఆ వెలుగులో వేళ్ళ మధ్య రాయి పట్టుకుని చూసేవాళ్ళు.

రత్నాల పిచ్చి అన్నారు కదా, కోహినూర్ విషయంలో ఉన్నమాట నిజం. 1665 నవంబరులో ఔరంగజేబు దగ్గర టావెర్నియర్ ఒక పెద్ద వజ్రం చేతిలోకి తీసుకుని చూశాడు, అది కొల్లూరు రాయేనని రాశాడు, సానబెట్టిన వెనిస్ మనిషి బోర్జియో దాన్ని అరగదీసి అరగదీసి 280 క్యారెట్లకి తెచ్చాడంట, బాదుషాకి మండి కూలి ఇవ్వకపోగా 10 వేల రూపాయలు జరిమానా వేశాడు. కోహినూర్ అదేనని బాల్ గట్టిగా వాదించాడు, మధ్యలో ఎవరో ముక్కలు తీసుకున్నారు కాబట్టే 186 క్యారెట్లకి తగ్గిందని. మాస్కెలిన్ అనే ఇంకో పండితుడు కాదన్నాడు, 1891లో నేచర్ పత్రికలో ఇద్దరికీ పెద్ద వాదన. ఇప్పటివాళ్ళు చాలామంది ఆ రాయి రష్యాలో ఉన్న ఓర్లోవ్ అంటున్నారు, నాకూ అదే నమ్మబుద్ధేస్తుంది, ఊళ్ళు వెతకడంలో ఉన్న ఓపిక బాల్‌గారు ఇక్కడ చూపించలేదనిపిస్తుంది, రాయి మీద ప్రేమ ఎక్కువైపోయింది. 1895లో పోయాడు, 51 ఏళ్ళే.

ప్రశ్న: వజ్రాల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు రాళ్ళతో సహా ఎత్తుకొచ్చేవన్న కథ మన రుద్రమదేవి రాజ్యం గురించేనా? – ఓ డిగ్రీ స్టూడెంట్, వరంగల్

జవాబు: మార్కోపోలో ఆ కథ ముత్‌ఫిలి అనే రాజ్యం గురించి రాశాడు, అంటే మన మోటుపల్లి రేవు, ఆ రాణి రుద్రమదేవే అంటారు. కథ మాత్రం అంతకుముందు నుంచే చాలా దేశాల్లో తిరుగుతోంది. దీనికీ బాల్ దగ్గర ఒక సమాధానం ఉంది. గని కొత్తగా తెరిచేటప్పుడు మనవాళ్ళు పశువుల్ని బలిస్తారు కదా, ఆ మాంసానికి గద్దలు మూగుతాయి, దూరం నుంచి చూసినోడు దాన్నే కథ అల్లి ఉంటాడు అన్నాడు. నిజమో కాదో గానీ, మన జాతర్లు చూసినవాళ్ళకి నవ్వొచ్చేంత సింపుల్‌గా ఉంది.

ప్రశ్న: సార్, మాది తుగ్గలి సైడు. తొలకరి వానకి చేన్లో మెరిసే రాయి దొరికింది, గాజు మీద గీస్తే గీత పడింది. వజ్రమేనా? ఫోటో పంపినా. – ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: గాజు మీద గీత పలుగురాయి కూడా గీస్తుందన్నా, దాంతో ఏం తేలదు. ఫోటోలో చివర సూదిగా ఆరు పలకలు కనపడుతున్నాయి, పలుగురాయిలాగే ఉంది. అయినా నోటితో ఆవిరి ఊది చూడు, వజ్రం మీదైతే నిమిషాల్లో కాదు, ఊదిన వెంటనే పోతుంది. ఇంకా డౌట్ ఉంటే నీళ్ళల్లో తూకం వేసి సాంద్రత చూసే చోటికి తీసుకెళ్ళు, వజ్రం అయితే 3.52 రావాలి, పలుగురాయి 2.65 దగ్గరే ఆగిపోతుంది. ఈలోపు మీ ఊరికొచ్చే బేరగాడు తువ్వాలు పరిస్తే మాత్రం చెయ్యి కిందకి పెట్టమాకు, పైనే మాట్లాడమను.