కాటన్ దొర ఇంటిపేరులో పత్తి ఉందా?

సందేహం: ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పూర్వీకులు పత్తి వ్యాపారులనీ, అందుకే వారికి ఆ ఇంటిపేరు వచ్చిందనీ కొందరంటారు. నిజమేనా? కాటన్ అని రాయాలా, కాటను అనా? 'సర్ కాటన్' అనవచ్చా?

సమాధానం: ఆ ఇంటిపేరు పుట్టుకలో పత్తి లేదు. అది ఊరిపేరు నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. కాటేజ్ అన్న మాటలో ఉన్నదీ అదే. దాని బహువచనానికి విభక్తి చేరితే 'కాటుమ్', అంటే 'గుడిసెల దగ్గర'. ఇంగ్లండులో ఈ పేరుగల పల్లెలు చాలానే ఉన్నాయి. కేంబ్రిడ్జ్‌షైర్‌లో అది కోటన్ అయింది, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్, నాటింగ్‌హమ్‌షైర్‌లో కాటమ్. పాత మకారం ఈ చివరిదానిలో ఇంకా వినిపిస్తుంది. అలాంటి ఊళ్లవారిని మధ్యయుగపు దస్తావేజుల్లో 'డి కాటన్' (కాటన్ ఊరివాడు) అని రాసేవారు. పోనుపోను 'డి' రాలిపోయింది.

మన కందుకూరు కందుకూరి అయిన తీరు దీనికి దగ్గరిదే. అయితే మనకు ఊరిపేరు ప్రథమా విభక్తిలోనే ఉండి, ఔపవిభక్తికమైన (విభక్తికి ముందు మాట చివర వచ్చే) ఇకారం ఇంటిపేరులో చేరింది. అక్కడ విభక్తి ఊరిపేరులోనే గడ్డకట్టుకుపోయింది.

పత్తి అనే అర్థమున్న కాటన్ వేరే మాట. అరబ్బీ 'కుత్న్' ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి, రాతలోనూ పలుకులోనూ దీనితో కలిసిపోయింది. ఇంగ్లండులో ఇంటిపేర్లు స్థిరపడుతున్న 13, 14 శతాబ్దాల్లో అక్కడి నేత ముఖ్యంగా ఉన్ని నేతే. పత్తి నేత పుంజుకున్నది 1600 తరవాత. పైగా వృత్తిని బట్టి వచ్చిన ఇంటిపేర్లు ఎక్కువగా పనిచేసేవాణ్ణి చెబుతాయి: టైలర్, వీవర్, బేకర్. ఇక ఆర్థర్ కాటన్ వంశం చెషైర్‌లోని కాంబర్మియర్ భూస్వాముల శాఖ.

కాటన్, కాటను రెండూ ఒప్పే. హలంతమైన (పొల్లుతో ముగిసే) పరాయి మాటకు ఉకారం చేర్చుకోవడం తెలుగు స్వభావం. గోదావరి స్నానవేళ ఆయన్ను తలచుకునే శ్లోకంలో 'కాటనుం తం భగీరథం' అని ఉంది. ఆ శ్లోకకర్త మన ఉకారాంత రూపాన్నే తీసుకుని, 'గురుం' లాగా సంస్కృత ద్వితీయలో నిలిపాడు. ఎంత అందమైన ప్రయోగం! అయినా నేటి వచనంలో నేను కాటన్‌కే మొగ్గుతాను. 'కాటనును' అనడానికి నోరు తిరగదు, 'కాటన్‌ను' తేలిగ్గా పలుకుతుంది. ఏది ఎంచుకున్నా ఒకే వ్యాసంలో రెండూ కలపకండి. కంప్యూటర్లో నకారప్పొల్లు తరవాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) కొట్టకపోతే 'కాటన్‌కు' అన్నది 'కాటన్కు' అని ఒత్తుగా పడుతుంది. అచ్చులో తరచు కనిపించే తప్పు ఇది.

'సర్ కాటన్' మాత్రం తప్పు. ఇంగ్లీషు మర్యాదలో 'సర్' వ్యక్తి పేరుకు ముందు వస్తుంది గానీ ఒంటరి ఇంటిపేరుకు ముందు రాదు. సర్ ఆర్థర్ అనవచ్చు, సర్ ఆర్థర్ కాటన్ అనవచ్చు. మన 'దొర', 'గారు' ఇంటిపేరు మీద హాయిగా చేరతాయి కనుక కాటన్ దొర, కాటన్ గారు నిర్దుష్టమే. ఆయనకు నైట్ బిరుదు వచ్చింది 1861లో. కాబట్టి 1847-52 నాటి ఆనకట్ట పనుల గురించి రాసేటప్పుడు 'సర్' లేకుండా ఆర్థర్ కాటన్ అనడమే సరి.